పాలు పడని పసిబిడ్డ



నేను వైద్యుడను కాను. ముప్పదియారు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. పసిబిడ్డల పాలను గూర్చి మాట్లాడుటకు ఈయనకేమి అధికారమని మీలో పెద్దలకు తోచవచ్చును. అధికారము లేదు. అనుభవమున్నది. ఆ అనుభవములో నా పొరపాటు కూడ కొంత ఉన్నది. దానిని దాచుకొనక చెప్పుదును.

2019వ సంవత్సరము మాఘమాసములో మా పెద్దమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చినది. తొలి కాన్పు. మగబిడ్డ కలిగెను. మాది కృష్ణ కాలువ క్రింది పల్లె. ఇంటిలో ఒక పాడిగేదె ఉండెను. బాలింతకు పాలకు, నేతికి కొరత రాకూడదని నేను పట్టుదలతో రెండవ గేదెను కూడ కొని తెచ్చితిని. మా అక్కయ్యకు అప్పటికి డెబ్బదిరెండేండ్లు. ఆమె చేతిమీదుగా మా బంధువర్గములో ఎందరు పిల్లలు పెరిగిరో లెక్క లేదు. బాలింత పథ్యమంతయు ఆమె అధీనము. ఉదయమున కాయపు ముద్ద, దానిపై పేరిన నేయి. మధ్యాహ్నము కారప్పొడి అన్నములో మరల నేయి. మూడుపూటలు లోటాడు పాలు. పాలు త్రాగిననే పాలు పడునని అక్కయ్య సిద్ధాంతము. నాకును అదియే సిద్ధాంతము. అమ్మాయి రెండవ లోటా వలదన్నచో నేనే దగ్గర కూర్చుండి త్రాగించితిని.

మూడు వారములు చక్కగా గడచినవి. నాలుగవ వారమున బిడ్డ రాత్రులందు మెలికలు తిరుగుచు ఏడ్చుట మొదలుపెట్టెను. త్రాగిన పాలు కక్కుట హెచ్చినది. బుగ్గలమీద, మోచేతి మడతలలో ఎర్రని గరుకు పొక్కులు కనబడినవి. ఇవన్నియు పసిబిడ్డలకు సహజమే అని ఊరకుంటిమి. ముప్పదిమూడవ నాడు గుడ్డ మార్చుచున్న మా ఇంటిది నన్ను పిలిచి చూపినది. విరేచనములో జిగట, ఆ జిగటలో దారపుపోగులవలె నెత్తురు చారలు.

ఇల్లంతయు అట్టుడికిపోయినది. ఒకరు దిష్టి తీసిరి. ఒకరు ఆముదము పట్టుమనిరి. ఒకరు వసకొమ్ము అరగదీసి నాకింపుమనిరి. పొరుగింటి పెద్దమ్మగారు మాత్రము, "చనుబాలు చెడ్డవి, అవి మాన్పించండి" అని తీర్పు చెప్పిరి. అప్పుడు నా పాండిత్యము మేలుకొన్నది. ఆయుర్వేద గ్రంథములలో స్తన్యపరీక్ష చెప్పబడియున్నది. చరకుడు క్షీరదోషములు ఎనిమిదని లెక్కించెను. నీటిలో వేసినపుడు నీటితో ఏకమై కలిసిపోవు పాలు శుద్ధములని మనవారి లక్షణము. నేనొక గాజు గ్లాసులో నీరు తెప్పించి అమ్మాయి పాలు నాలుగు చుక్కలు వేయించితిని. పాలు చక్కగా కలిసిపోయినవి. శాస్త్రప్రకారము పాలు శుద్ధము. బిడ్డకు నెత్తురు మాత్రము పడుచునే ఉన్నది. ఆ పరీక్షతో ఆగియుండినను బాగుండెడిది. నేను, "ఏమైనను నాలుగు దినములు చనుబాలు ఆపి, గేదెపాలలో నీరు కలిపి పట్టి చూతము" అంటిని. ఇంటిలో నా మాటకు ఎదురు లేదు.

ఒకటిన్నర దినము అట్లు జరిగినది. బిడ్డ వాంతులు చేసుకొనెను. నెత్తురు చారలు హెచ్చినవి. పాలు పిండి పారబోయుచు అమ్మాయి నన్ను చూచి అడిగిన మాట నాకిప్పటికిని చెవులలో ఉన్నది. "నాన్నగారూ, నా పాలే వాడికి విషమా?" అని. నేను ముప్పదియారేండ్లు ప్రశ్నలు వేసి బ్రతికినవాడను. ఆ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేకపోయినది.

మరునాడు తెల్లవారుజామున బిడ్డను తీసికొని బెజవాడ పోయితిమి. అచటి పిల్లల వైద్యురాలు మొదట మందు వ్రాయలేదు. ప్రశ్నలు వేసినది. పుట్టిన దినమున రక్తము గడ్డకట్టుటకిచ్చు కె విటమిను సూది వేసిరా? జ్వరమున్నదా? చన్ను గట్టిగా పట్టుచున్నాడా? వాంతి పచ్చగా ఉన్నదా? బరువు పెరుగుచున్నదా? కడుపు తడిమి చూచినది. ఆసనము చిట్లియున్నదేమో పరిశీలించినది. నెత్తురు పడుటకు అది కూడ సామాన్యమైన కారణమట. ఇన్ని చూచిన పిమ్మట అమ్మాయి వైపు తిరిగి, "నువ్వేం తింటున్నావమ్మా?" అని అడిగినది. జవాబు నేను చెప్పితిని. నేయి, పాలు, పెరుగు, కాయము, రెండు గేదెలు, అంతయు గర్వముతోనే చెప్పితిని. ఆమె చివరివరకు విని, "మాస్టారూ, బాబుకి పడనిది తల్లిపాలు కాదు. తల్లిపాలలోకి వచ్చిన గేదెపాల పదార్థం. మీరు అవి మాన్పించి, అసలు పడనిదాన్నే గ్లాసుతో పట్టారు" అన్నది.

ఆ దినమునను, తరువాతను ఆమె వలన తెలిసికొన్నదియు, పిమ్మట నేను చదివి గ్రహించినదియు మీకు చెప్పుదును.

పాలలో మాంసకృత్తులను పదార్థములున్నవి. పాలు విరిగినపుడు గడ్డగా నిలుచునది కేసీను. విరుగుడు నీటిలో మిగులు మాంసకృత్తులలో ముఖ్యమైనది బీటా లాక్టోగ్లోబ్యులిన్. ఈ రెండవది మానవ స్త్రీ పాలలో స్వభావముగా లేనే లేదు. కాని తల్లి పశువుల పాలు త్రాగినపుడు, జీర్ణము కాగా మిగిలిన అత్యల్ప భాగము రక్తములోనికి, రక్తమునుండి చనుబాలలోనికి చేరును. లీటరు చనుబాలలో ఇంచుమించు గ్రాములో లక్షవ వంతు ప్రాంతమున ఉండును. అంత స్వల్పమైనను నూటికి తొంబదితొమ్మిదిమంది బిడ్డలకు ఏమియు కాదు. తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువులలో నూటికి ఒక్కరికన్న తక్కువమందికే అది పడదు. ఆ కొద్దిమంది బిడ్డల శరీరము ఆ అన్యపదార్థమును శత్రువుగా భావించి పోరాడును. ప్రేగు లోపలి పొర వాచి, చిట్లి, జిగటయు నెత్తురును కారును. దీనికే అలర్జీ అని పేరు. ఆ మాటను 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు పిర్కే కల్పించెను. తల్లి తిన్న ఆహారపు మాంసకృత్తులు ఆమె పాలలో కనబడునని అమెరికాలో షానన్ అను వైద్యుడు 1921లోనే ప్రయోగపూర్వకముగా చూపెను. స్వీడను దేశమున యాకబ్సన్, లిండ్‌బెర్గ్ అనువారు 1978లో, కడుపునొప్పితో ఏడ్చు కొందరు చంటిబిడ్డల బాధకు తల్లి త్రాగు ఆవుపాలు కారణము కావచ్చునని ప్రకటించిరి. తల్లి ఆహారము స్తన్యమునందు ప్రతిఫలించునని మన ప్రాచీనులు ఊహించినది అసత్యము కాదు. నేను చేసిన నీటి పరీక్ష వలన మాత్రము ఇది తెలియదు.

ఇక్కడ ఒక చిక్కు విడదీయవలెను. పాలలోని చక్కెర అరగకపోవుట వేరు, పాల మాంసకృత్తు పడకపోవుట వేరు. పెద్దలలో పలువురకు పాలు త్రాగినచో కడుపు ఉబ్బరించును. అది చక్కెర అరగని లోపము. ఆ చక్కెర చనుబాలలోనే స్వభావముగా నూటికి ఏడు పాళ్ళ ప్రాంతమున ఉన్నది. తల్లి పాలు మానినను అది తగ్గదు. పుట్టుకతోనే అది అరగని బిడ్డలు మిక్కిలి అరుదు. పెరుగులోను మజ్జిగలోను చక్కెర కొంత తగ్గును కావున అట్టి పెద్దలకు మజ్జిగ సరిపడును. మా అక్కయ్య ఈ అనుభవముతోనే, "పాలు మానితే మానుగాని, మజ్జిగ చలవ గదా" అని వాదించినది. కాని మాంసకృత్తు తోడువేసినంత మాత్రమున పోదు. కాచినను పూర్తిగా పోదు. ఆవుపాలకు బదులు మేకపాలు, గేదెపాలు అన్నను ప్రయోజనము లేదు. వీని మాంసకృత్తులు ఒకదానినొకటి అంతగా పోలియుండును. మా ప్రాంతపు వీధులలో గాడిదపాలు అమ్మువారు వచ్చుచుందురు. అవి కాచని పాలు, క్రొవ్వు చాల తక్కువ. పసివానికి అవి ఆహారము కావు, పచ్చిపాలతో వచ్చు రోగముల భయము వేరుగా ఉన్నది.

పడకపోవుటలో రెండు తీరులు కలవు. ఒకటి మెల్లగా, గంటలకో దినములకో బయటపడునది. మా మనుమనిది ఇదే. బిడ్డ మొత్తముమీద హుషారుగా ఉండును, బరువు పెరుగును, విరేచనములో మాత్రము జిగట, నెత్తురు. దీనిని నిర్ణయించుటకు రక్తపరీక్ష లేదు. రెండవది క్షణాలలో, లేదా రెండు గంటల లోపల వచ్చునది. ఒడలెల్ల దద్దుర్లు, పెదవులు కనురెప్పలు వాయుట, వాంతి, పిల్లికూతల ఊపిరి. 1966లో కనుగొనబడిన ఐజీఈ అను రక్తపదార్థము దీనికి మూలము. ఇందుకు పరీక్షలు కలవు. ఊపిరి ఆడకపోయినను, బిడ్డ పాలిపోయి వ్రేలాడబడినను ఇంటివైద్యమునకు కాలము లేదు. ఎడ్రినలిన్ సూది ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడు పరుగెత్తవలెను. అట్లే కేక పెట్టి ముడుచుకొని ఏడ్చుట, కొంతసేపు తెరపి, మరల ఏడ్పు, పచ్చని వాంతి, ఎర్రని గుజ్జువంటి విరేచనము ఉన్నచో, అది ప్రేగులో ప్రేగు దూరుట కావచ్చును. అది పాలదోషము కాదు. గంటలు లెక్కపెట్టవలసిన అపాయము.

వైద్యురాలు మాకు చెప్పిన చికిత్స విచిత్రమైనది. బిడ్డకు మందు లేదు. పథ్యమంతయు తల్లికే. చనుబాలు మానరాదు. తల్లి మాత్రము రెండు మొదలు నాలుగు వారములు పాలను, పాలతో చేసిన సమస్తమును మానవలెను. ఇది విన్నప్పుడు సులభమనిపించినది. ఇంటికి వచ్చి వంటగదిలో నిలుచుండి చూచినపుడు గాని తెలియలేదు, మన తెలుగు వంటింట పాలు లేని మూల ఏదియని. కాఫీ, పెరుగు, మజ్జిగపులుసు, నేయి. మినపసున్ని ఉండలలో నేయి. పూతరేకులలో నేయి. గుడినుండి వచ్చిన చక్రపొంగలి, పంచామృతము. బజారు బిస్కత్తులలో, రొట్టెలలో, బలమునకని ఇచ్చు పొడులలో పాలపొడి. నేతిలో క్రొవ్వే కదా అని నేను వాదించితిని. కాచి వడకట్టినను కొంత మాంసకృత్తు అంటుకొని మిగులును, పరీక్షాకాలమున అదియు వలదన్నారు. నేయి లేని కారప్పొడి అన్నము బాలింతకు పెట్టుటకు అక్కయ్య చేయి రాలేదు. మొదటి దినమున ఆమె అన్నము వడ్డించి, నేతిగిన్నె చేతబట్టుకొని, పోయక, గుమ్మము దగ్గర నిలుచుండి కన్నీరు పెట్టుకొన్నది. నువ్వులనూనె పోయుమని నేను చెప్పవలసివచ్చినది.

ఐదవ నాటికి నెత్తురు కనబడుట తగ్గినది. ఎనిమిదవ నాటికి లేదు. తొమ్మిదవ నాడు మరల కనబడినది. ఎవరు ఏమి పెట్టిరని ఇల్లంతయు విచారణ జరిగినది. అమ్మాయి ఒట్టు పెట్టుకొన్నది. అక్కయ్య దేవుని ముందు దీపము వెలిగించి, తాను చుక్క మజ్జిగయైనను పోయలేదన్నది. నాకు మా ఇంటిదానిమీద అనుమానము, ఆమెకు నామీద. సాయంకాలమున మా ఇంటిది వేయించిన చల్లమిరపకాయల డబ్బా తెచ్చి నా యెదుట పెట్టినది. ఉప్పు కలిపిన మజ్జిగలో మూడు దినములు నానబెట్టి ఎండబెట్టినవి! నోరు చప్పబడినదని అమ్మాయి అంతకు ముందు రెండు దినములుగా అన్నములో నంజుకొన్నది. ఏ వైద్యుని పట్టికలోను ఆ పేరు ఉండదు. కావుననే వంటింటి పెద్దలు ఈ విషయమును తామే తెలిసికొనవలెనని నేను చెప్పుచున్నాను. ఊరబెట్టినది, ఎండబెట్టినది, తిరగమోత పెట్టినది, ప్రతిదానిలోను మూలపదార్థమేమని తడుముకొని చూడవలెను.

చల్లమిరపకాయలు మానిన పిమ్మట పది దినములలో బిడ్డ పూర్తిగా కుదుటపడెను. చర్మము నునుపెక్కినది. మేమందరము సంతోషించి ఇక ఎన్నడును పాలు ముట్టనీయమని నిశ్చయించుకొంటిమి. వైద్యురాలు అంగీకరింపలేదు. మూడు వారములైన తరువాత అమ్మాయిని మరల పాలు త్రాగుమన్నది! అక్కయ్యకు మతిపోయినది. మొన్నటివరకు పాలు మానరాదని ఏడ్చిన మనిషి ఇప్పుడు పాలు ఇవ్వనని తలుపు గడియ వేసినది. కాని ఇందులో తర్కమున్నది. పాలు మానినందున తగ్గినదో, దానంతట అదే తగ్గవలసిన కాలము వచ్చి తగ్గినదో, మరల పెట్టిచూచిన గాని తెలియదు. చంటిబిడ్డల ఏడ్పు ఆరవ వారమున శిఖరమునకు పోయి, మూడు నాలుగు మాసములకు దానంతట అదే తగ్గును. ఆ తగ్గినప్పుడు ఏది మానియుందుమో దానికే కీర్తి వచ్చును. అమ్మాయి పాలు త్రాగినది. మూడవ నాడు జిగట, నాలుగవ నాడు నెత్తురు చార. అప్పుడు నిర్ణయము జరిగినది. ఈ రెండవ పరీక్ష మెల్లగా వచ్చు తీరునకే ఇంటిలో చేయదగినది, అదియు వైద్యుని అనుమతితో. దద్దుర్లు, ఊపిరి బాధ వచ్చు బిడ్డకు ఆసుపత్రిలోనే చేయవలెను.

మా బంధువులలో మరియొక ఇంట దీనికి విరుద్ధముగా జరిగినది. బిడ్డ ఏడ్చుచున్నదని తల్లికి మొదట పాలు మాన్పిరి. తగ్గలేదు. పప్పు మాన్పిరి. వంకాయ, చిక్కుడు, శనగ, నిమ్మ, చివరకు నీరు కూడ అతిగా త్రాగవలదనిరి. రెండు నెలలకు బాలింత కర్రపుల్లవలె అయినది. బిడ్డ ఏడ్పు తన కాలమునకు తాను తగ్గినది. మనలో బాలింత పథ్యము ముందే కఠినము. దానిమీద ఇంకొక పథ్యమును పెట్టుటకు గట్టి కారణము కావలెను. పాలు మానిన నాలుగు వారములలో గుణము కనబడనిచో తిరిగి పాలు పోయవలెను. అనుమానము తీరిన తరువాత కూడ తల్లి నోరు కట్టివేయుట బిడ్డకు మేలు కాదు.

పాలు మానిన తల్లి ఎముకల మాట చూడవలెను. పాలిచ్చు తల్లికి దినమునకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని మన దేశపు ఆహారశాస్త్రజ్ఞుల లెక్క. గేదెపాలు పోయినపుడు అది ఎచటినుండి రావలెను? అదృష్టవశమున మన మెట్టపంటలలో ఉన్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు. పొట్టు తీయని నువ్వులలో నూరు గ్రాములకు వేయికి పైగా. అనగా నువ్వులు బెల్లము దంచిన ఉండ నిమ్మకాయంతది రెండు పూటల తిన్నచో చెప్పుకోదగిన భాగము వచ్చును. మునగాకు, తోటకూర, కరివేపాకు కూడ మంచివి. పాలకూరలో ఉన్నది గాని అందులోని పులుపు దానిని ఒంటికి పట్టనీయదు. మాంసాహారులు చిన్నచేపలను ఎముకలతో తిన్నచో మరియు మేలు. అయినను లెక్క కుదురుట కష్టమని వైద్యురాలు కాల్షియము బిళ్ళలు, డి విటమిను వ్రాసినది. మా అక్కయ్య రాగిసంకటి కూలివారి తిండి అని మొదట ముఖము చిట్లించినది. పదిదినములకు రాగిజావలో కొబ్బరిపాలు, బెల్లము కలిపి తానే క్రొత్త పాకము కనిపెట్టినది. పాలు త్రాగిననే పాలు పడునను సిద్ధాంతము కూడ అప్పుడే వీగిపోయినది. గడ్డి తిను గేదె పాలిచ్చుచున్నది గాని పాలు త్రాగి పాలిచ్చుట లేదని మా అల్లుడుగారు నవ్వుచు అనిరి. పాలు పెరుగునది బిడ్డ చప్పరించుటవలన. ఒకటిన్నర దినము నేను మాన్పించినందున తగ్గిన పాలు, రాత్రింబవళ్ళు గంట గంటకు పట్టించిన గాని మరల రాలేదు.

చనుబాలు నిజముగా లేని తల్లి ఉండవచ్చును. అట్టిచో అంగడిలోని సామాన్యమైన డబ్బాపాలు పనికిరావు. అవియు ఆవుపాలతో చేసినవే. మాంసకృత్తును ముక్కముక్కలు చేసిన ప్రత్యేకపు పొడి కలదు. వెల ఎక్కువ, వైద్యుడు చెప్పిన గాని వాడరాదు. డబ్బాపాల ప్రకటనలను నిషేధించుచు మన ప్రభుత్వము 1992లో చట్టము చేసినది. అయినను మేము బెజవాడనుండి తిరిగివచ్చిన దినమున, మా ఊరి మందుల అంగడివాడు ఎవరో చెప్పగా విని, సామాన్యపు డబ్బా ఒకటి స్వయముగా ఇంటికి తెచ్చి ఇవ్వబోయెను. వానికి చెడ్డ ఉద్దేశము లేదు. తెలియదు, అంతే. నాకు మాత్రము ముందు దినమువరకు తెలిసినదా?

ఆరవ మాసమున అన్నప్రాశనము వచ్చినది. ఇది మా ఇంటిలో కంటె వియ్యాలవారింట పెద్ద పరీక్ష అయినది. పాలలో అన్నము వండి నేయి కలిపి తినిపించుట ఆచారము. "మా వంశంలో పాలు పడనివాళ్ళు ఎవరూ లేరండీ అన్నయ్యగారూ" అని మా వియ్యపురాలు నాతో అనిరి. మా అమ్మాయి తలవంచుకొని నిలుచున్నది. దోషము తనదని, తన పుట్టినింటిదని ఆ మాటలోని ధ్వని. నేనప్పుడు నా సంస్కృతమును మొదటిసారి సద్వినియోగము చేసితిననుకొందును. "అన్నప్రాశనమనగా అన్నమును తినిపించుట, వదినగారూ. పేరులో పాలు లేవు. బిడ్డ ఆయుష్షు కొరకు చేయు సంస్కారములో బిడ్డకు నెత్తురు పడునది పెట్టవచ్చునా?" అంటిని. పురోహితుడు నావైపు వచ్చెను. కొబ్బరిపాలతో పరమాన్నము వండిరి. వియ్యపురాలు ఆ దినము భోజనము సరిగా చేయలేదు. పిమ్మట మూడు నెలలకు, పాలకోవా తెచ్చిన చుట్టమొకరు బిడ్డ నోటిలో పెట్టబోగా, గదినుండి పరుగెత్తి వచ్చి చేయి పట్టుకొన్నది ఆమెయే.

ఈ అలర్జీ శాశ్వతము కాదు. మెల్లగా వచ్చు తీరుగల బిడ్డలలో పెక్కుమందికి ఏడాది దాటుసరికి పోవును. తక్కిన తీరువారిలో కూడ చాలమందికి బడి వయస్సునకు తగ్గును. పదునొకండవ మాసమున, 2020 జనవరిలో, వైద్యురాలు మెట్లు మెట్లుగా ఎక్కుమన్నది. ఎక్కువ వేడిలో చాలసేపు కాలిన పిండివంటలో కొద్దిగా ఉన్న పాలు మొదటి మెట్టు. కనుక చిన్న బిస్కత్తు ముక్క. అది సరిపడిన తరువాత పాలతో కాల్చిన రొట్టె. పిదప పెరుగు. చివరకు పాలు. ఒక్కొక్క మెట్టుమీద కొన్ని వారములు నిలువవలెను. బిస్కత్తు, రొట్టె నిరపాయముగా జరిగినవి. ఉగాదికని అమ్మాయి బిడ్డతో మా ఇంటికి వచ్చినది. ఆ ఉగాదినాడే, 2020 మార్చి 25న, దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. బెజవాడ పోవుటకు వీలులేదు. పెరుగు మెట్టు ఎక్కవచ్చునా అని ఎవరిని అడుగుదుము? భయపడి రెండు నెలలు ఊరకుంటిమి. తుదకు వైద్యురాలితో టెలిఫోనులో మాట్లాడగా, పెట్టి చూడుమన్నది.

జ్యేష్ఠమాసములో ఒక మధ్యాహ్నము అక్కయ్య మెత్తగా పిసికిన పెరుగన్నము అరచెంచా వాని నోట పెట్టినది. వాడు ముఖము పులిసినట్లు పెట్టి, మరల నోరు తెరచెను. మేము నలుగురము మూడు దినములు ఆ గుడ్డలను పరీక్షాపత్రములు దిద్దినట్లు దిద్దితిమి. తప్పు లేదు. నాలుగవ నాడు మరియొక చెంచా.

ఇప్పుడు వాడు బడికి పోవుచున్నాడు. రెండవ గేదెను మేము అమ్మలేదు. దాని పాలు పాలకేంద్రమునకు పోసితిమి కొంతకాలము, ఇప్పుడు వానికే చాలుట లేదు. మా అక్కయ్య ఊరిలో ఏ బాలింతను చూడబోయినను ఇంకను నేతిగిన్నెయే ముందు అడుగును. అందులో మార్పు లేదు. కాని బిడ్డ గుడ్డలు కూడ చూపుమనును, జిగట నెత్తురు ఉన్నదన్నచో, బెజవాడకు బయలుదేరుడని చెప్పి, చనుబాలు మాత్రము మానవలదని రెండుసార్లు చెప్పి, వెళ్ళుచు వెళ్ళుచు గుమ్మములో ఆగి, "చల్లమిరపకాయలు నంజుకుంటున్నావటే?" అని అడుగును.